పెడల్‌బోర్డు కడుతున్న మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఫోటో అందాయి. నేల మీద పరిచిన ఆరు గిటారు పెడళ్లు (గిటారు శబ్దాన్ని మార్చేందుకు కాలితో తొక్కే చిన్న పెట్టెలు), వాటి మధ్య చిక్కుపడిన కేబుళ్లు, ఒకే అడాప్టర్ నుంచి గొలుసుకట్టుగా అన్నింటికీ సాగిన కరెంటు వైరు చూశాను. ఇంట్లో సాధనకు ఆ అమరిక సరిపోతుంది. వచ్చే నెల నుంచి బ్యాండుతో పెళ్లి రిసెప్షన్లకూ కాలేజీ ఉత్సవాలకూ వాయించబోతున్నానని రాశావు కనుక, పెడళ్లన్నింటినీ ఒకే చట్రం మీద బిగించే బోర్డు ఒకటి సొంతంగా కట్టుకోవాలన్న నీ ఆలోచన సరైనదే. ముప్పై ఏళ్లుగా ఆర్కెస్ట్రాల్లో వాయిస్తూ, నాలుగు బోర్డులు కట్టి, వాటిలో రెండింటిని పూర్తిగా విప్పి మళ్లీ కట్టినవాడిగా నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను.

నా రెండో బోర్డు చూడటానికి చాలా అందంగా ఉండేది. కేబుళ్లన్నీ ఒక్క కట్టగా చేర్చి, నల్ల టేపు బిగించి చుట్టి, అడుగున దాచేశాను. ఒక రిసెప్షన్‌లో పాట మధ్యలో గిటారు శబ్దం ఆగిపోయింది. టేపు చుట్టిన ఆ కట్టలో ఏ కేబులు ఎక్కడికి పోతుందో నాకే తెలియలేదు. గిటారు వాయించవలసిన చోట్లన్నీ కీబోర్డు అతను నింపుతుంటే, నేను మూడు పాటలపాటు మోకాళ్ల మీద కూర్చుని వెతుకుతూనే ఉన్నాను. మరునాడు ఉదయం ఇంట్లో విప్పి చూస్తే, ఒక కేబులు చివర ఉండే జాక్ పిన్ను లోపల సోల్డరింగ్ ఊడి ఉంది. అప్పటి నుంచి బోర్డు కట్టే ప్రతిసారీ నన్ను నేను ఒక ప్రశ్న అడుగుతాను: స్టేజి మీద చీకట్లో శబ్దం ఆగిపోతే, లోపం ఎక్కడుందో ఒక్క నిమిషంలో నా చేతికి దొరుకుతుందా? నీ బోర్డును కూడా ఈ ప్రశ్నతోనే కట్టమని నా కోరిక.

ముందుగా మీ బ్యాండు పాటల జాబితా తీసుకుని, ఏ పాటకు ఏ పెడల్ కావాలో పక్కన రాయి. ఒకే ఒక్క పాటలో వాడే పెడల్ ఉంటే దాన్ని ఇంట్లో వదిలెయ్యి. పెడల్ ఒకటి పెరిగితే ఒక కేబులూ రెండు పిన్నులూ పెరుగుతాయి. చెడిపోవడానికి అన్ని చోట్లు పెరిగినట్టే.

వరస విషయానికి వస్తే, గిటారు నుంచి బయలుదేరిన సిగ్నల్ మొదట ట్యూనర్‌కు (శ్రుతి చూపేది), తరువాత వా పెడల్‌కు (తొక్కుతుంటే స్వరం ‘వా’ అన్నట్టు మారేది), ఆపైన ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్‌లకు (శబ్దాన్ని గరుకుగా మార్చేవి), అక్కడి నుంచి కోరస్‌కు (ఒక గిటారు పలు గిటార్లలా వినిపించేలా చేసేది), చివరగా డిలేకు (ప్రతిధ్వని ఇచ్చేది) వెళ్లాలి. డిలే ముందుండి దాని తరువాత డిస్టార్షన్ వస్తే, ప్రతిధ్వనులన్నీ కలగలిసి డిస్టార్షన్‌లో పడి, ఏ స్వరం ఏదో తెలియని ముద్దగా మారతాయి. డిలే చివర ఉంటే అవే ప్రతిధ్వనులు విడివిడిగా, క్రమంగా తగ్గుతూ వినిపిస్తాయి. ట్యూనర్ మొదట ఉండటానికి ఒక కారణం ఉంది. గిటారు పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే భాగం) ఇచ్చే సిగ్నల్ బలహీనమైనది. కేబులు పొడవు పెరిగేకొద్దీ ఆ కేబులు కెపాసిటెన్స్ (విద్యుత్తును తనలో నిలుపుకునే గుణం), మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల చొప్పున చేరుతూ, పై స్వరాల మెరుపును తగ్గించేస్తుంది. గిటారు నుంచి బోర్డుకు 6 మీటర్లు, బోర్డు నుంచి యాంప్లిఫయర్‌కు 6 మీటర్లు, మధ్యలో పెడల్‌ను పెడల్‌తో కలిపే ప్యాచ్ కేబుళ్లు ఒక మీటరు అనుకుంటే, నీ పెడళ్లన్నీ ట్రూ బైపాస్‌వే (ఆపి ఉంచితే సిగ్నల్‌ను నేరుగా దాటించేవే) అయినప్పుడు ఆ భారమంతా పికప్ మీదే పడుతుంది. బాస్ కంపెనీ టీయూ-3 వంటి, బఫర్ (సిగ్నల్‌కు బలమిచ్చే సర్క్యూట్) ఉన్న ట్యూనర్‌ను మొదట పెడితే, దాని తరువాత ఉన్న కేబుళ్ల భారాన్ని ఆ బఫరే మోస్తుంది. నీ ఫోటోలో ట్యూనర్ చివర కనిపించింది. దాన్ని ముందుకు తీసుకురా.

ఇక కొలతలు. చెక్కకు గానీ అల్యూమినియానికి గానీ ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే, పాత శుభలేఖల అట్టలు తీసుకుని ప్రతి పెడల్ కొలతకూ ఒక ముక్క కత్తిరించు. బాస్ కాంపాక్ట్ పెడల్ అయితే 73 మిల్లీమీటర్ల వెడల్పు, 129 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఆ ముక్కలను చార్టు కాగితం మీద రెండు వరసలుగా పేర్చి, కార్యక్రమానికి వేసుకునే బూట్లతోనే నిలబడి, పాట పాడుకుంటూ తొక్కి చూడు. ఎక్కువగా తొక్కేవి ముందు వరసలో, కాలికి సహజంగా అందే చోట ఉండాలి. చాలా పెడళ్లకు ఇన్‌పుట్ కుడి వైపున, అవుట్‌పుట్ ఎడమ వైపున ఉంటుంది కనుక గిటారు కేబులు కుడి నుంచి వచ్చేలా వరస సాగించు. పక్కపక్క పెడళ్ల మధ్య పిన్నులకు చోటు వదలడం మరిచిపోవద్దు. అట్టముక్కలకు పిన్నులుండవు కనుక ఇక్కడే అందరూ పొరపడతారు. చదునైన ప్యాచ్ పిన్నులు వాడినా రెండింటికీ కలిపి మూడు, నాలుగు సెంటీమీటర్లు కావాలి. ఆ అట్టముక్కలను రెండు, మూడు రోజులు అలాగే ఉంచి, రోజూ ఒకసారి వాటి మీద సాధన చేసి, ఆ తరువాతే కొలతలు ఖరారు చెయ్యి.

బోర్డుకు నేను అల్యూమినియం సెక్షనే మంచిదంటాను. కిటికీలు బిగించే దుకాణానికి వెళ్లి 50 × 25 మిల్లీమీటర్ల సెక్షన్‌లో 60 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోయించు. ముక్కకూ ముక్కకూ మధ్య 4 సెంటీమీటర్ల ఖాళీ వదిలితే మొత్తం 32 సెంటీమీటర్ల లోతు వస్తుంది, ఆ ఖాళీల్లోంచి కేబుళ్లు కిందికి దిగుతాయి. రెండు పక్కలా 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్‌తో వాలుగా కోసిన దన్నులు బిగిస్తే, వెనక వరస ఎత్తు పెరిగి కాలికి అందుతుంది, అడుగున పవర్ సప్లైకి చోటు దొరుకుతుంది. అంచులు బాగా రాయించు, చేతులు కోసుకుపోతాయి.

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ కరెంటు మీద పెట్టు. చాలా పెడళ్లు 9 వోల్టుల డీసీతో, మధ్య పిన్ను నెగటివ్‌గా పనిచేస్తాయి, కానీ అన్నీ అలా ఉండవు. పెడల్ మీద జాక్ పక్కన వృత్తంలో చుక్కతో ముద్రించిన చిన్న గుర్తును, అడాప్టర్ మీద ఉన్న గుర్తుతో పోల్చి చూడకుండా ఏదీ తగిలించవద్దు. మధ్య పిన్ను పాజిటివ్‌గా ఉన్న అడాప్టర్‌ను తొందరలో తగిలించి ఒక కోరస్ పెడల్‌ను నేను పోగొట్టుకున్నాను. ఆ తరువాత చూడవలసింది మిల్లీఆంపియర్లు, అంటే పెడల్ ఎంత కరెంటు లాగుతుందన్నది. ఓవర్‌డ్రైవ్ వంటి అనలాగ్ పెడళ్లు పది, ఇరవై మిల్లీఆంపియర్లతో సరిపెట్టుకుంటాయి. డిజిటల్ డిలే, రివర్బ్‌లు కొన్ని 60తో ఆగితే, కొన్ని 300 దాకా లాగుతాయి. ప్రతి పెడల్ ఎంత తీసుకుంటుందో చూసి, దానికి ఇచ్చే అవుట్‌పుట్ అంతకంటే ఎక్కువ ఇవ్వగలదో లేదో సరిచూసుకో. అవుట్‌పుట్ సామర్థ్యం ఎక్కువైతే నష్టం లేదు, పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టులు ఎక్కువైతే మాత్రం కాలిపోవచ్చు.

డిస్టార్షన్ వేయగానే సన్నని కీచు శబ్దం వస్తోందని నువ్వు రాసినదానికి కారణం ఆ గొలుసు వైరేనని నా నమ్మకం. డిజిటల్ డిలే లోపలి సర్క్యూట్లు పుట్టించే శబ్దం, ఉమ్మడిగా ఉన్న ఆ వైరు గుండా మిగతా పెడళ్లలోకి చేరుతుంది, డిస్టార్షన్ దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. ఒక్క సాయంత్రం డిలేకు మాత్రం వేరే అడాప్టర్ పెట్టి చూడు. కీచు ఆగిపోతే విషయం తేలిపోయినట్టే. ప్రతి అవుట్‌పుటూ మిగతా వాటి నుంచి విద్యుత్ పరంగా వేరుగా ఉండే ఐసొలేటెడ్ పవర్ సప్లై కొనుక్కో. కొత్త పెడల్ ఒకటి తగ్గించుకునైనా సరే, ముందు ఇది కొను. విదేశం నుంచి ఎవరైనా తెచ్చిస్తే, ఇన్‌పుట్ 100–240 వోల్టులని రాసి ఉందో లేదో చూడు. 120 వోల్టులకు మాత్రమే చేసినది మన 230 వోల్టులకు తగిలిస్తే నిలవదు.

ప్యాచ్ కేబుళ్లు కొలతకు తగ్గట్టు నువ్వే సోల్డర్ చేసుకో. హైదరాబాద్‌లోనే ఉన్నావు కనుక కోఠి గుజరాతీ గల్లీలో కేబులూ, పిన్నులూ, సోల్డరింగ్ ఐరనూ, మల్టీమీటరూ అన్నీ ఒకే తిరుగుడులో దొరుకుతాయి. పై తొడుగును ఒకటిన్నర సెంటీమీటరు మేర ఒలిచి, జల్లెడలా అల్లిన రాగి తీగలను ఒక పక్కకు మెలిపెట్టు. ఇప్పుడు జాగ్రత్తగా చూడు: ఆ జల్లెడ కింద చాలా గిటారు కేబుళ్లలో పలుచని నల్లటి ప్లాస్టిక్ పొర ఒకటి ఉంటుంది. అది మామూలు ఇన్సులేషన్‌లా కనిపిస్తుంది గాని, విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. దాన్ని గోటితో వెనక్కి ఒలిచి కత్తిరించకపోతే, మధ్య తీగకు తగిలి సిగ్నల్‌ను మింగేస్తుంది. కేబులు చెడినట్టూ ఉండదు, బాగున్నట్టూ ఉండదు. తరువాత తీగకూ పిన్నుకూ విడివిడిగా కొద్దిగా సీసం పట్టించి, రెండింటినీ ఆనించి ఐరన్ తాకించు. చల్లారేదాకా ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా పట్టుకో. సరిగ్గా అతికిన చోటు నున్నగా మెరుస్తుంది, బూడిదరంగుగా గరుకుగా ఉంటే మళ్లీ చెయ్యి.

ప్రతి కేబులునూ మల్టీమీటర్‌తో పరీక్షించు. ఒక పిన్ను కొనకూ రెండో పిన్ను కొనకూ బీప్ రావాలి, ఒక పిన్ను ఒంటికీ (కొన వెనక ఉన్న లోహపు భాగానికీ) రెండోదాని ఒంటికీ బీప్ రావాలి, కొనకూ ఒంటికీ మధ్య మాత్రం నిశ్శబ్దంగా ఉండాలి. పరీక్షిస్తూనే కేబులును పిన్ను దగ్గర అటూ ఇటూ వంచి చూడు. నన్ను ఆ రాత్రి ఏడిపించిన లోపం ఈ ఒక్క పనితో ముందే బయటపడి ఉండేది. పెడల్‌ను బోర్డు నుంచి పైకి ఎత్తినా పక్క పెడల్ కదలనంత వదులు ప్రతి కేబులుకూ ఉంచు. రెండు చివరలా ఒకే అంకె రాసిన చీటీ అంటించు.

కరెంటు వైర్లు బోర్డుకు ఒక అంచున, సిగ్నల్ కేబుళ్లు రెండో అంచున నడిపించు. దాటక తప్పని చోట అడ్డంగా, లంబంగా దాటించు. కట్టడానికి ప్లాస్టిక్ ట్యాగుల కంటే విప్పి మళ్లీ చుట్టగలిగే వెల్క్రో పట్టీలే మేలు, ఎందుకంటే ట్యాగును కత్తెర లేకుండా స్టేజి మీద విప్పలేవు. 1970లలో ఇంగ్లండ్‌లో పీట్ కార్నిష్ అనే నిపుణుడు పింక్ ఫ్లాయిడ్ రాక్ బృందపు గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ వంటివారికి కట్టిన బోర్డుల్లో, పెడళ్ల సర్క్యూట్లను ఒకే పెట్టెలో అమర్చి, లోపలే వైర్లు కలిపేవారు. పని ఎంతో గొప్పది, నిపుణులైన సిబ్బంది వెంట ఉండేవారికి తగినది. మన సామాను మనమే మోసుకుని వెళ్లి, చెడితే మనమే బాగుచేసుకోవాలి కనుక, ఒక్కొక్క పెడల్ విడిగా ఊడివచ్చే పద్ధతే మనకు సరిపోతుంది.

పెడల్ అడుగున స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, గరుకుగా ఉండే వెల్క్రోను పెడల్‌కూ, మెత్తనిదాన్ని బోర్డుకూ అంటించి, ఒక రోజంతా బరువు పెట్టి వదిలెయ్యి. నాసిరకం జిగురు ఎండాకాలంలో కారులో ఉంచితే జారిపోతుంది. నాబ్‌లు నీకు నచ్చిన చోట నిలిచాక, తెల్ల గోళ్ల రంగుతో ఒక్కొక్క చుక్క పెట్టు. ప్రయాణంలో అవి తిరిగిపోతాయి, చీకట్లో ఆ చుక్కే దారి చూపుతుంది.

మన ఫంక్షన్ హాళ్లలో గిటారుకు యాంప్లిఫయర్ ఉండటం అరుదు. సౌండ్ వాళ్లు నేరుగా మిక్సర్‌కు లైను ఇస్తారు. డిస్టార్షన్ అలా నేరుగా వెళ్తే కందిరీగల మోతలా ఉంటుంది. అందుకని డిలే తరువాత స్పీకర్ క్యాబినెట్ ధ్వనిని అనుకరించే పెడల్ ఒకటి, ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్ (మైకు కేబులు తగిలే మూడు పిన్నుల సాకెట్), గ్రౌండ్ లిఫ్ట్ మీట (మిక్సర్‌కు వెళ్లే కేబులులో గ్రౌండ్ కలయికను విడదీసేది) ఉన్నది పెట్టుకో. హమ్ (గుయ్‌మనే కరెంటు మోత) వస్తే ఆ మీట నొక్కు. అంతేగాని, ఎవరు ఎంత చెప్పినా మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్నును మాత్రం తీయవద్దు. హమ్ పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. నువ్వు పాడుతూ వాయిస్తావు కనుక ఇది మరీ ముఖ్యం: చేతి కింద గిటారు తీగలు, పెదవుల దగ్గర మైకు వేర్వేరు లైన్ల నుంచి వస్తూ, ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే షాకు నేరుగా ఒంట్లోంచి పోతుంది. జనరేటర్ మీద నడిచే చోట ఇంకా జాగ్రత్త కావాలి. మిక్సర్‌కు కరెంటు ఇచ్చిన పాయింటు నుంచే నీ బోర్డుకూ తీసుకో. సౌండ్ చెక్ ముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టులకు తిప్పి, ఒక మొన గిటారు తీగకూ రెండోది మైకు జాలీకీ తాకించి చూడు. అక్కడ వోల్టేజీ కనిపిస్తే, అది సరిచేసేదాకా గిటారు భుజాన వేసుకోవద్దు, నిర్వాహకులు తొందరపెట్టినా సరే.

ఇంత చేసినా ఒకనాడు శబ్దం ఆగుతుంది. అప్పుడు మొదటి పెడల్ నుంచి ఒక్కొక్కటీ వెతకవద్దు. గిటారు కేబులును తీసి నేరుగా నాలుగో పెడల్‌కు తగిలించు. శబ్దం వస్తే లోపం ముందు సగంలో ఉంది, రాకపోతే వెనక సగంలో ఉంది. మిగిలిన సగాన్ని మళ్లీ సగం చెయ్యి. ఆరు పెడళ్ల బోర్డులో మూడు ప్రయత్నాల్లో చెడిన కేబులు అంకె తెలిసిపోతుంది. సంచిలో రెండు ప్యాచ్ కేబుళ్లు, ఒక పెద్ద గిటారు కేబులు, చిన్న టార్చిలైటు ఎప్పుడూ ఉంచుకో. ఇంట్లో దీపాలార్పి, మీ బ్యాండువాళ్లలో ఎవరినైనా ఒక కేబులు రహస్యంగా వదులు చేయమని చెప్పి, రెండు మూడుసార్లు వెతికి చూసుకో.

అమ్మనూ నాన్నగారినీ అడిగినట్టు చెప్పు. కట్టడం పూర్తయ్యాక నాకు బోర్డు పైభాగం ఫోటో అక్కర్లేదు, తిరగేసి అడుగుభాగం ఫోటో తీసి పంపించు. ప్రతి కేబులు మీదా అంకె కనిపించేలా దగ్గరగా తియ్యి.

ఇట్లు,
మామయ్య