ఆటో మాట్లాడమంటే ఆటోవాడితో కబుర్లాడటం కాదు తమ్ముడూ

తమ్ముడూ,

కథ అందింది, రెండుసార్లు చదివా. ముందు ఆ గారూ గీరూ మానెయ్, అన్నా అంటే చాలు. కథ బావుంది, బోరు దగ్గర మొదలైన అన్నదమ్ముల తగాదా, కళ్లారా చూసి రాశావని తెలిసిపోతోంది. కానీ మూడో పేజీకే నాకు అన్నంలో రాయి తగిలింది. "ఇరు కుటుంబాల మధ్య పదేళ్లుగా సంభాషణ నిలిచిపోయింది" అని రాశావ్. మీ సిద్దిపేట వైపు ఏ ఊళ్లో అంటారయ్యా ఇలాగ? వాళ్లకీ వీళ్లకీ మాటల్లేవు, అంతే కదా అనేది. ఇలా పుస్తకాల తెలుగు రాస్తూనే మళ్ళీ యాస కనపడాలని ఎక్కడెక్కడి వింత పదాలో ఏరుకొచ్చి ఒక్కోదానికీ పక్కన బ్రాకెట్లో అర్థం పెట్టావ్, చదివేవాడు కథలోకి దిగేలోపే బ్రాకెట్ తట్టుకుని బోర్లా పడుతున్నాడు.

యాసంటే వింత పదాలే అని మొదట్లో అందరం అనుకుంటాం, నేనూ అనుకున్నా. కానీ రోజూ నోట్లో నలిగే మామూలు పదాన్ని పట్టుకుని చూడు, మాట్లాడు అన్నదాన్నే తీసుకో. నాకు ఎనిమిదేళ్లప్పుడు తెనాలి స్టేషన్ బయట మా అమ్మ సామాన్ల దగ్గర కూర్చుని "వెళ్లి రిక్షా మాట్లాడరా" అంది. నేను వెళ్లా, మాట్లాడా. ఆయన పేరేంటి, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, అన్నీ కనుక్కుని వచ్చా. అమ్మ "ఎంతకి మాట్లాడావ్?" అంది. నాకేం అర్థం కాలే, చాలాసేపు మాట్లాడానమ్మా అన్నా. ఆ రిక్షా ఆయన నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది, పాపం అర్ధ రూపాయి తగ్గించుకున్నాడు కూడా.

సరే అది చిన్నతనం అనుకో. నలభై ఏళ్లొచ్చాక కూడా అదే పని చేశా. మా నాన్న పోయాక పొలం కాగితాలు మార్పించాలని ఒక ఆఫీసుకి నాలుగు నెలలు తిరిగా, అక్కడి అటెండరు "ఒకసారి సార్‌తో మాట్లాడండి, అయిపోద్ది" అన్నాడు. లోపలికెళ్లి అరగంట రూల్స్ మాట్లాడా. ఆయన ఓపిగ్గా విని, వచ్చే వారం రండి అన్నాడు. బయటికొస్తే అటెండరు నా చేతి సంచీ వంక చూసి "మాట్లాడలేదా సార్?" అన్నాడు జాలిగా. అప్పుడు వెలిగింది. ఆ "మాట్లాడలేదా" పక్కన బ్రాకెట్ పెట్టి లంచం అని రాస్తే కథ అక్కడే చచ్చిపోద్ది, సంచీ వంక చూశాడు అని రాస్తే చాలు.

ఇలా ఎన్నో. సంబంధం మాట్లాడ్డం వేరు, కూలీలని మాట్లాడ్డం వేరు, "మాట్లాడకుండా తిను" అంటే మౌనవ్రతం కాదు, గొడవ చెయ్యకుండా తినమని. "ఏం మాట్లాడుతున్నావ్ రా?" అని రోడ్డు మీద చొక్కా చేతులు మడుస్తూ అడిగితే జవాబు చెప్పకూడదు, అది ప్రశ్న కాదు. "నేను మాట్లాడను, నా చెయ్యి మాట్లాడుద్ది" కూడా ఆ బజార్లోదే.

ఇంకోటి గమనించు, ఇది నాకు చాలా ఆలస్యంగా తట్టింది. మన భాషలో ఒక్కటుంటే బరువు, ఎక్కువైతే చులకన. మాట ఇచ్చాడంటే ప్రాణం మీదకి తెచ్చుకున్నాడని, మాటలు చెప్పాడంటే ఎగ్గొట్టాడని. మాట మనిషికి అప్పు ఇస్తారు, మాటల మనిషికి టీ కూడా పొయ్యరు. కబురు వచ్చిందంటే గుండె దడ, కబుర్లంటే కాలక్షేపం. అదే జంటగా వస్తే ఇంకో రకం, మాటా మాటా వచ్చిందంటే ఎవరో ఒకరికి దెబ్బలు తగిలే ఉంటాయి. ఒక్క "లు" తేడా. దీనికోసం నిఘంటువు చూడక్కర్లేదు, మీ అమ్మ ఫోన్లో మాట్లాడుతుంటే పక్కన కూర్చో.

మీ అమ్మంటే గుర్తొచ్చింది, కథలో తల్లి పక్కింటామెతో "కబుర్లు చెప్పుకుందాం రా" అంటుంది ఎందుకు? మీ వైపు ముచ్చట కదా! ఎడిటర్లకి కబుర్లే నచ్చుతాయని ఎవరు చెప్పారు నీకు? నేను ఉద్యోగానికి వరంగల్ వచ్చిన కొత్తలో ఇల్లుగలామె "గీడ కూసో, జెర ముచ్చట పెడదాం" అంటే బిత్తరపోయా. మా గుంటూరు వైపు ముచ్చటంటే ముద్దొచ్చేది, మనసుపడేది. ముచ్చటగా ఉంది పిల్ల అంటాం, ముచ్చటపడి కొన్నా అంటాం, ఒళ్లుమండితే ఆ ముచ్చటా తీరిందిలే అంటాం. ముచ్చట్లు అంటే మాకూ కబుర్లే గానీ ముచ్చట "పెట్టడం" మాకు లేదు. ఆమె "ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పకు" అన్నప్పుడు మాత్రం అది కబురూ కాదు ముద్దూ కాదు, గుట్టు. మూడు నెలలు పట్టింది నాకు ఇవన్నీ ఒంటబట్టడానికి. అంత ఆస్తి చేతిలో పెట్టుకుని నువ్వు మా వైపు అప్పుకొస్తున్నావ్!

కుర్రాళ్ల మాటలతో మాత్రం కాస్త జాగ్రత్త. బోరు కొట్టడానికి సుత్తి కొట్టడం అనే మాట ఊరూరా పాకింది 1982లో జంధ్యాల గారి నాలుగు స్తంభాలాట సినిమా వచ్చాక, ఆ దెబ్బకి అందులో నటించిన వీరభద్రరావు గారికీ వేలు గారికీ ఇంటిపేరే సుత్తి అయి కూర్చుంది. ఇప్పుడు మా వయసు వాళ్లం తప్ప సుత్తి అనేవాళ్లు తక్కువ, సోది అనో సొల్లు అనో అంటున్నారు. సోది నిజానికి సోదెమ్మ చెప్పే జోస్యం, సొల్లు నోట్లోంచి కారేది, అదే సొల్లు చెన్నై బస్సెక్కితే శుభ్రంగా "చెప్పు" అని అర్థం. అమ్మాయితో తియ్యగా మాట్లాడితే పులిహోర కలుపుతున్నాడు అంటున్నారు ఇప్పుడు, బావుంది, నాకు భలే ఇష్టం, కానీ నీ కథ జరిగేది 1990లో. ఆ రోజుల్లో పులిహోర గుళ్లోనే కలిపేవాళ్లు. అది తీసెయ్.

ఇక ఏడో పేజీ. తల్లి దినాల్లో అన్నదమ్ములిద్దరూ ఎదురెదురు పడతారు, పెద్దోడు "తమ్ముడూ, మనం మళ్ళీ మాట్లాడుకుందాం" అని ఏడుస్తాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. మాటల్లేని వాళ్లు అలా మొదలుపెట్టరు. గోడతో అంటారు, పిల్లలతో అంటారు. మా ఊళ్లో చూశా, వడ్డన దగ్గర తమ్ముడు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు, అన్న వాడి వంక చూడకుండా తన ఏడేళ్ల కొడుకుతో "ఒరేయ్, మీ బాబాయి అన్నం తిన్నాడేమో అడుగు" అన్నాడు. పిల్లాడు అడగకముందే తమ్ముడు "ఇంకా లేదని చెప్పరా" అన్నాడు. మధ్యలో ఆ పిల్లాడు ఇద్దరి మొహాలూ చూస్తూ నించున్నాడు.

మీ ఊళ్లో దాన్ని ఏ మాటల్లో అంటారో నువ్వే రాయి, నాకు రాదు. ఏడో పేజీ ఒక్కటే రాసి పంపు, బ్రాకెట్లు లేకుండా.

మీ అన్న