ఇంధన కొరత ఉన్నా యుద్ధకాలపు ఐర్లండ్‌లో కౌన్సిళ్ల పీట్ ఎందుకు మిగిలిపోయేది?

కొరత నగరాల్లో, సరుకు పల్లెల్లో ఉండటమే ముఖ్య కారణం. పీట్ అంటే చిత్తడి నేలల్లో పేరుకున్న మొక్కల అవశేషం. కోసి, ఎండబెట్టి కాలుస్తారు. బ్రిటన్ నుంచి వచ్చే బొగ్గు బాగా తగ్గిపోవడంతో 1941లో ప్రభుత్వం ఈ కోత పనిని కౌంటీ కౌన్సిళ్లకు, అంటే జిల్లాల స్థానిక పాలక సంస్థలకు, అప్పగించింది. కానీ ఆ నేలల పక్కన ఉండేవాళ్లు తమకు కావాల్సింది తామే కోసుకునేవారు, ఇక కౌన్సిల్ దగ్గర కొనేదెవరు? దూరం పంపుదామంటే లారీలకు పెట్రోలు, రైళ్లకు బొగ్గు కరువు. డబ్లిన్ కోసం ఎలాగోలా తెచ్చినదాన్ని ఆ నగరంలోని ఫీనిక్స్ పార్కులో రోడ్డు పొడవునా గుట్టలుగా పేర్చారు.

కొరతలో ఏదైనా అమ్ముడవుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి బాగా ఎండిన పీట్ కూడా, బరువుకు బరువు, బొగ్గు వేడిలో దాదాపు సగమే ఇస్తుంది. తడిదైతే పొగే ఎక్కువ.