దుండిగల్ వైమానిక దళ అకాడమీకి వెళ్తున్న మేనకోడలికి

తిరుపతి

చిరంజీవి పాపకు, అత్త ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడగలేక అడిగిన ప్రశ్నకి ఇంట్లో అందరూ ఉండటంతో సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. యుద్ధవిమానం నడిపే ఆడవాళ్లకి మూత్రం లీక్ అవుతుందా అన్నావు. కొందరికి అవుతుంది. మిలిటరీ నర్సుగా పనిచేసినదాన్ని, నా దగ్గర సిగ్గెందుకు?

విమానాన్ని గట్టిగా మలుపు తిప్పితే ఒంటి మీద 9 జీ దాకా, భూమి ఆకర్షణకి తొమ్మిది రెట్ల బలం పడుతుంది. అంటే 55 కిలోల మనిషి దాదాపు 500 కిలోలు తూగినట్టు. రక్తం కాళ్లలోకి దిగి కళ్లు మసకబారతాయి, స్పృహే పోవచ్చు. అందుకే కాళ్లు, పిరుదులు, పొట్ట బిగించి ఊపిరి పట్టి, మూడు సెకన్లకోసారి చటుక్కున వదిలి పీల్చడం నేర్పిస్తారు. దానికి తోడు జీ సూట్ గాలితో ఉబ్బి పొట్టని నొక్కుతుంది. ఆ ఒత్తిడి మూత్రసంచి మీద పడుతుంది. మన ఆడవాళ్లకి మూత్రం బయటికొచ్చే నాళం నాలుగు సెంటీమీటర్లే కాబట్టి, కింద నుంచి పట్టి ఉంచే కటి కండరాలు గట్టిగా ఉండాలి.

ఊపిరి బిగబట్టమంటే చాలామంది మలబద్ధకంలో ముక్కినట్టు కిందికి ముక్కుతారు. అలా చేస్తే లీక్ అవ్వక ఏమవుతుంది? ముందు కింది కండరాలు పైకి లాగు, ఆ తర్వాతే పొట్ట బిగించు. ఈ వరుస ఇంట్లోనే అలవాటు చేసుకో.

గ్యాస్ ఆపుకునేటప్పుడు బిగిస్తాం చూడు, అలా లోపలికీ పైకీ లాగి ఐదు సెకన్లు ఉంచు, తర్వాత మళ్లీ అంతే సేపు పూర్తిగా వదులు చెయ్యి. వదలడం కూడా సాధనలో భాగమే. మెల్లగా పది సెకన్లకి పెంచు. ఒక్కో విడతకి పదిసార్లు, రోజుకి మూడు విడతలు. నేర్చుకునేటప్పుడు తొడలు బిగించకు, ఊపిరి మామూలుగా తీసుకో. మూత్రం పోస్తూ మధ్యలో ఆపే సాధన మాత్రం వద్దు. తేడా తెలియడానికి మూడు నెలలు పట్టొచ్చు, కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టు. అలిపిరి మెట్లు 3550 ఎక్కేస్తున్నానులే అనుకోకు. దాంతో తొడలకి బలం వస్తుంది, దీనికి వేరే సాధన కావాలి. కాన్పు కాని జిమ్నాస్టుల్లోనూ ఈ ఇబ్బంది ఉంటుంది.

నాకు అన్నిటికన్నా భయం నీళ్ల గురించే. చిత్తూరు నుంచి హైదరాబాద్ బస్సెక్కాలంటే మన ఇళ్లలో ఆడవాళ్లు సాయంత్రం నుంచే నీళ్లు ముట్టరు. ఆ అలవాటు అక్కడికి తీసుకెళ్లకు తల్లీ! ఒంట్లో నీరు తగ్గితే జీని తట్టుకునే శక్తి తగ్గుతుంది, స్పృహ తప్పితే ప్రాణం మీదకొస్తుంది. నీళ్లు తాగు, ఎక్కేముందు వెళ్లిరా, అవసరమైతే ప్యాడ్ పెట్టుకో. కాఫీ మాత్రం తగ్గించు.

అదే దుండిగల్‌లో 2016 జూన్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన తొలి మహిళా ఫైటర్ పైలట్లయ్యారు. ఆడపిల్లల ఒంటి సంగతులు అక్కడి డాక్టర్లకి కొత్త కాదు. తర్వాత బెంగళూరులో ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిప్పి జీ తట్టుకోవడం నేర్పే యంత్రం) ఎక్కిస్తే, అక్కడ లీకైనా దాచకుండా చెప్పు. మంట, జ్వరం, రక్తం కనిపిస్తే అది జీ వల్ల అనుకుని ఊరుకోకు, వెంటనే పరీక్ష చేయించుకో.

ఈ ఉత్తరం మీ అమ్మకీ చూపించు. రెండు కాన్పులైన మనిషి, ఆమెకీ ఈ సాధన అవసరమే.

మీ అత్త