తలుపుకు ఇవతల ఉంది నీ కథ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. వారాసిగూడ అద్దె ఇంట్లో పెద్దకొడుకు తెల్లారేసరికి ఒళ్లంతా పెంకు కట్టి ఉండటం, వేళ్లు అతుక్కుపోయి అలారం ఆపలేకపోవడం చక్కగా రాశావు. ఆ తర్వాతే దారి తప్పావు. పెంకు ఎందుకొచ్చిందో చెప్పడానికి నాలుగు పేజీలా? మూసీ నీళ్లు, ఫ్యాక్టరీ పొగ, పూర్వజన్మ పాపం అన్నీ కొట్టేయి. కారణం తెలిస్తే పాఠకుడు హాయిగా ఊపిరి పీల్చుకుంటాడు.

కాఫ్కా రాసిన ‘మెటమార్ఫసిస్’ కథలోనూ ఒకడు తెల్లారేసరికి పురుగై లేస్తాడు. 1915లో అది పుస్తకంగా రాబోతుంటే, అట్ట మీద ఆ పురుగును దూరం నుంచి కూడా చూపవద్దని కాఫ్కా ప్రచురణకర్తలకు ఉత్తరం రాశాడు. చివరికి అట్టకెక్కింది చేతులతో ముఖం కప్పుకున్న మనిషి, అతని వెనక తెరిచిన తలుపు.

నువ్వేమో తల్లిని రాక్షసిని చేశావు. ఏ తల్లీ ఒక్కరోజులో అలా మారదు. మొదట్లో కొడుకు పేరు చెక్కిన స్టీలు కంచంలో అన్నం కలిపి, పక్కన కూర్చుని తినిపిస్తుంది. కొన్నాళ్లకు మంచం దగ్గర పెట్టి వచ్చేస్తుంది. తర్వాత గడప దగ్గర. ఒకరోజు ఆ కంచాన్ని మిగతా అంట్లలో కలపకుండా విడిగా తోముతుంది. అక్కడ ఒక్క విశేషణం కూడా వేయకు.

చెల్లెలు గ్రూప్-2 కోసం చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్తుందని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకైతే కథంతా అక్కడే కనబడింది. అన్న గది తుడవాలి, నల్లా వచ్చిన రోజు బిందెలు నింపాలి. ఆలస్యమైతే లైబ్రరీలో కుర్చీ దొరకదు. ఆమెకు అన్న మీద ప్రాణం, కుర్చీ పోయినందుకు కోపం. రెండూ ఒకే పేరాలో రాయి చూద్దాం.

ఆఫీసు సంగతి మూడు వాక్యాల్లో తేల్చెయ్. చూడటానికి ఎవరూ రారు, ల్యాప్‌టాప్ తీసుకెళ్లడానికి మాత్రం మనిషి వస్తాడు.

ఇక అతను. పేజీకోసారి ఏడిపించావు. ఇల్లు నడిపినవాడు కదా, పడుకుని లెక్కలే వేసుకుంటాడు: అద్దె, బైకు వాయిదా, నాన్న బీపీ మాత్రలు. మాట్లాడబోతే గరగర తప్ప ఏమీ రాదు. మొదట్లో ఇంట్లోవాళ్లు డబ్బు గురించి గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. ఇప్పుడు తగ్గించడం లేదు.

చివర్లో అతన్ని చంపేశావు. అది వాళ్లకు మరీ చవకగా దొరికిన విడుదల. బతకనివ్వు, వచ్చే నెల అద్దె కూడా కట్టనివ్వు.

మళ్లీ రాసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉండాలి, నా కళ్లజోడు పాతది.