పాత టీవీ, ఫ్రిజ్ తుక్కుకి అమ్మాలా, రీసైక్లర్‌కి ఇవ్వాలా?

పాత పిక్చర్ ట్యూబ్ టీవీ, పాడైన ఫ్రిజ్, యూపీఎస్, రెండు మూడు ఫోన్లు ఉన్నాయని, తుక్కు కొనేవాళ్లు చేతిలో డబ్బు పెడుతుంటే రిజిస్టర్డ్ రీసైక్లర్ బండి ఖర్చు అడుగుతున్నాడని, పర్యావరణం కోసం మనమెందుకు నష్టపోవాలని ఒకరు అడిగారు. విశాఖ సీతమ్మధారలో మా అపార్ట్‌మెంట్ తరఫున ఈ లెక్కలన్నీ చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. అన్నిటికీ డబ్బు వదులుకోనక్కర్లేదు. టీవీ, ఫ్రిజ్ విషయంలో మాత్రం వదులుకోండి.

టీవీ ట్యూబు గాజులో కిలోకు పైగానే సీసం ఉండొచ్చు. ఆ గాజు ఎవరికీ అక్కర్లేదు. లోపలి రాగి, సర్క్యూట్ బోర్డు తీసుకుని మిగతాది పగలగొట్టి ఏ గెడ్డ (వాగు) పక్కనో పారేస్తారు. మన గెడ్డలన్నీ చివరికి కలిసేది సముద్రంలోనే కదా! ఫ్రిజ్ అయితే కంప్రెసర్ కోసం పైపు కోస్తారు, గ్యాస్ గాల్లో కలిసిపోతుంది. పాత ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉండే ఆర్-134ఎ గ్యాస్ కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

వైర్లు తగలబెట్టి రాగి తీయడం, బోర్డులు యాసిడ్‌లో వేసి బంగారం తీయడం చవకే. అందుకే తుక్కు ధర ఎక్కువ పలుకుతుంది. ఆ పొగ పీల్చేది అక్కడ పనిచేసే కుర్రాళ్లు. ఇల్లిల్లూ తిరిగి కొనేవాళ్ల మీద మాత్రం నాకు కోపం లేదు. వాళ్లే లేకపోతే సగం సామాన్లు అటకల మీదే ఉండిపోతాయి.

యూపీఎస్ బ్యాటరీకి ఈ తంటా లేదు. కొత్తది కొనే షాపులోనే పాతది ఇస్తే ధర తగ్గిస్తారు. ఫోన్లు పనిచేసే స్థితిలో ఉంటే బ్యాటరీ మార్పించి ఎవరికైనా ఇచ్చేయండి. ఫోన్ వల్ల వచ్చే కాలుష్యంలో ఎక్కువ భాగం దాన్ని తయారుచేసేటప్పుడే జరిగిపోతుంది. కాబట్టి కరిగించడం కంటే ఇంకో రెండేళ్లు వాడటమే మేలు. బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు.

బండి ఖర్చు తగ్గించుకోవచ్చు. మేం అన్ని ఫ్లాట్ల సామాన్లు ఒకచోట చేర్చి ఒకే లగేజీ ఆటోలో పంపాం. పంచుకుంటే ఇంటికి ఒక పూట టిఫిన్ ఖర్చయింది. బేరం కూడా ఆడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ (పాత ఎలక్ట్రానిక్ సామాన్ల) నిబంధనల ప్రకారం తయారీ కంపెనీలు తమ వంతు రీసైక్లింగ్ జరిగినట్టు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనాలి. అంటే మీ సామాన్ల మీద రీసైక్లర్‌కి అటు నుంచీ ఆదాయం ఉంటుంది. అయితే ఆ సర్టిఫికెట్ల లెక్క బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం మీదే నడుస్తుంది, సీసం గాజుకి ఏమీ రాదు. అందుకే టీవీ ఒక్కటే ఇస్తానంటే ఖర్చు అడుగుతారు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, సీపీయూలతో కలిపి ఇస్తామంటే మాట మారుతుంది. మాకు అలాగే కుదిరింది.

ఇచ్చేముందు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, ఆ మండలి పోర్టల్‌లో సరిచూసుకోండి. సామాను ఎక్కించాక రసీదు తీసుకోండి.