టెక్ సందేహాలు: గురి తప్పుతోందా? ముందు మద్దెల చూడండి

సందేహం: రెండేళ్లుగా వాలరెంట్ (కంప్యూటర్‌లో జట్లుగా ఆడే షూటింగ్ ఆట) ఆడుతున్నాను. మొన్నటిదాకా డైమండ్ ర్యాంకులో ఉన్నాను. నెల రోజులుగా ఎదురుగా నిలబడ్డవాణ్ని కూడా కొట్టలేక దాని కింది ర్యాంకు ప్లాటినమ్‌కి పడిపోయాను. మౌస్ డీపీఐ (అంగుళం జరిగితే అది లెక్కపెట్టే చుక్కలు) 800. ఆటలో సెన్సిటివిటీ (మౌస్ జరిపితే చూపు ఎంత తిరగాలో చెప్పే అంకె) 0.35 ఉండేది, 0.42 చేశాను, కుదరక 0.30కి దించాను. రోజూ ఎయిమ్ ట్రైనర్‌లో (గురి సాధన చేయించే ప్రోగ్రామ్) గంట కూర్చుంటున్నాను, అక్కడ స్కోరు పెరుగుతోంది, మ్యాచ్‌లో మాత్రం అదే కథ. మౌస్ మార్చాలా?

జవాబు: వద్దు. ముందు సెన్సిటివిటీని 0.35కి తెచ్చేసి, ఇంకో నెల దాకా ఆ మెనూ వైపు వెళ్లకండి.

ఎందుకంటే మీరు 0.35, 0.42, 0.30 అని రాసినప్పుడు చిన్న అంకెల్లాగే కనిపిస్తున్నాయి కానీ చేతికి అవి చిన్నవి కావు. 800 డీపీఐ మీద 0.35 అంటే ఆటలో ఒక చుట్టు పూర్తిగా తిరగడానికి మౌస్‌ని దాదాపు 47 సెంటీమీటర్లు జరపాలి. 0.42 అయితే 39 చాలు, 0.30 అయితే 54 కావాలి. అంటే నెల రోజుల్లో మీ చేతికి మూడు వేర్వేరు కొలతలు నేర్పి, ఏదీ ఒంటబట్టకముందే ఇంకోదానికి దూకారు. నమ్మకం కుదరకపోతే ఒక స్కేలు తీసుకుని కొలవండి: గోడ మీద ఏదో ఒక గుర్తుపై క్రాస్‌హెయిర్ (తెర మధ్యలో ఉండే గురి గుర్తు) పెట్టి, మళ్లీ అదే గుర్తు దగ్గరికి వచ్చేదాకా మౌస్ జరపండి. ప్యాడ్ చాలకపోతే సగం చుట్టు కొలిచి రెట్టింపు చేసుకోండి. లెక్క 47కి బాగా తేడాగా వస్తే మౌస్ డీపీఐ మారిపోయి ఉంటుంది. చాలా మౌస్‌లకి స్క్రోల్ చక్రం వెనకే డీపీఐ బటన్ ఉంటుంది, తుడుస్తున్నప్పుడు నొక్కుకుపోవడం మామూలే.

ఆడలేక మద్దెల ఓడు అంటారు గానీ, కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది. నా సంగతే చెబుతాను. ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక మూడు వారాలు ఘోరంగా ఆడాను. నిద్ర అనుకున్నాను, వయసు అనుకున్నాను, సెన్సిటివిటీ మీలాగే నాలుగుసార్లు మార్చాను. చివరికి వేరే పని మీద డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిస్తే 144 హెర్ట్జ్ మానిటర్ (సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చేది) తాపీగా 60 మీద నడుస్తోంది! 60 హెర్ట్జ్‌లో ఒక్కో ఫ్రేమ్‌కీ, అంటే తెర మీద ఒక్కో బొమ్మకీ, 16.7 మిల్లీసెకన్లు, 144లో అయితే 7 కూడా పట్టదు. ఆ తేడా చెయ్యి పసిగట్టింది, నేను మాత్రం పసిగట్టలేదు. అందుకే విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే దాకా వెళ్లి రిఫ్రెష్ రేట్ ఒకసారి చూడండి. ఆటలో వీ-సింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆన్ అయి ఉంటే ఆపేయండి. మౌస్ సెట్టింగ్స్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అనేది ఉంటుంది, చెయ్యి ఎంత వేగంగా కదిలితే పాయింటర్‌ని అంత ఎక్కువ దూరం జరుపుతుంది. రా ఇన్‌పుట్ వాడే, అంటే మౌస్ కదలికని నేరుగా చదువుకునే ఆటల మీద దాని ప్రభావం ఉండదు, అయినా ఆపి ఉంచడమే మేలు. మౌస్ వైర్‌లెస్ అయితే దాని రిసీవర్‌ని కంప్యూటర్ వెనక యూఎస్‌బీ 3.0 పోర్టుల మధ్య ఇరికించకండి, ఆ పోర్టుల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని చెడగొడుతుంది. ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో ప్యాడ్ పక్కకి తెచ్చుకోండి. సెన్సర్ కన్నంలో వెంట్రుక ఉందేమో కూడా చూడండి, నవ్వకండి, ఉంటుంది.

ఇదంతా పది నిమిషాల పని. ఇందులో ఏమీ దొరక్కపోతే (చాలామందికి దొరకదు) అప్పుడు లోపం ఆటలో ఉన్నట్టు. అయితే అది మీరు అనుకుంటున్న చోట లేకపోవచ్చు.

ఓడిపోయిన రెండు మ్యాచ్‌లు రికార్డ్ చేసి, మీరు చచ్చిన ప్రతిసారీ శత్రువు తెర మీద కనిపించిన మొదటి ఫ్రేమ్ దగ్గర ఆపండి. చూడాల్సింది ఒక్కటే, ఆ క్షణంలో మీ క్రాస్‌హెయిర్ ఎక్కడుంది? తల ఎత్తులో, మలుపు అంచుకి దగ్గరగా ఉండి కూడా తప్పారంటే చేతిదే తప్పు. నేల మీదో, గోడ మధ్యలోనో ఉంటే మాత్రం అది గురి సమస్య కాదు. పాల్ ఫిట్స్ అనే సైకాలజిస్టు 1954లోనే చెప్పాడు, లక్ష్యం ఎంత దూరంగా, ఎంత చిన్నగా ఉంటే దాన్ని చేరడానికి చెయ్యి అంత సమయం తీసుకుంటుందని. తల సైజు మీ చేతుల్లో లేదు, దూరం తగ్గించుకోవడం ఉంది. బాగా ఆడే రోజుల్లో మీరు ఆ దూరం ముందే తగ్గించుకుని ఉంటారు, క్లిక్ చేయడమే మిగిలి ఉంటుంది. వరసగా ఓడుతున్నప్పుడు తెర మూలలో ఉన్న చిన్న మ్యాప్ మీదా, చాట్‌లో తిట్ల మీదా కళ్లు పడి క్రాస్‌హెయిర్ మెల్లగా నేలకి జారుతుంది, ఎవడో కనిపించగానే కంగారుగా పెద్ద ఫ్లిక్ కొడతారు (మౌస్‌ని ఒక్క ఊపులో లాగేస్తారు), అది తప్పుతుంది, గురి పోయిందని టెన్షన్ పడతారు. అదే వీడియోలో ఇంకోటి కూడా గమనించండి, కాల్చేటప్పుడు కాళ్లు ఆగాయా లేదా? కదులుతూ రైఫిల్ కాలిస్తే క్రాస్‌హెయిర్ సరిగ్గా తల మీదే ఉన్నా తూటాలు చెదిరిపోతాయి.

మీ ట్రైనర్ స్కోరు పెరగడం, మ్యాచ్ మారకపోవడం కూడా ఇక్కడే అర్థమవుతుంది. ట్రైనర్‌లో కాళ్లు కదలవు, గోడలుండవు, ఎవడు ఎటునుంచి వస్తాడన్న ఊహ అక్కర్లేదు. చెయ్యి బాగుందనడానికి అదే రుజువు. ఆ గంటని 15 నిమిషాలకి తగ్గించండి, ట్రైనర్‌లో ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద ఎంత వెడల్పు కనిపించాలో చెప్పే డిగ్రీలు) వాలరెంట్‌లో లాగే 103 పెట్టుకోండి. మిగతా సమయంలో డెత్‌మ్యాచ్ (జట్లు లేకుండా ఎవరికి వారే కాల్చుకునే ఆట) ఆడండి, అయితే గెలవడానికి కాదు. ప్రతి మలుపు దగ్గరా క్రాస్‌హెయిర్ తల ఎత్తులో ఉందా అన్నదే చూసుకుంటూ, కావాలనే నెమ్మదిగా, స్కోర్‌బోర్డు తెరవకుండా. మొదటి వారం ఇంకా చెత్తగా అనిపిస్తుంది. ర్యాంకు కోసం ఆడే మ్యాచ్‌ల్లో వరసగా రెండు ఓడితే ఆ రోజుకి ఆపేయండి, కోపంతో ఆడిన మూడో మ్యాచ్‌లో నేను గెలిచిన జ్ఞాపకం లేదు. నిద్ర తగ్గించుకుని చేసే సాధన కూడా దండగే, చెయ్యి నేర్చుకున్నది కుదురుకునేది నిద్రలోనే.

మణికట్టు నొప్పిగానీ వేళ్ల తిమ్మిరిగానీ ఉంటే ఇవన్నీ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి.

సందేహం: 144 హెర్ట్జ్ నుంచి 240కి వెళ్తే గురి మెరుగవుతుందా?

జవాబు: కొంచెం. ఒక్కో ఫ్రేమ్‌కి 6.9 మిల్లీసెకన్ల నుంచి 4.2కి వస్తారు, 60 నుంచి 144కి వచ్చినప్పటి తేడాలో ఇది మూడో వంతు కన్నా తక్కువ. అది కూడా మీ కంప్యూటర్ నిలకడగా 240 ఫ్రేములు ఇవ్వగలిగితేనే. పెద్ద పోరాటాల్లో ఫ్రేములు 150కి పడిపోతుంటే ఆ డబ్బు ముందు ప్రాసెసర్‌కి పెట్టండి.