బడి గేటు దగ్గర ఎల్‌ఈడీ బోర్డులో తెలుగు, ఒడియా రెండూ చదవగలిగేలా పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ రెండు భాషల్నీ ఒకే తెరపై ఇరికించకుండా, ఒకదాని తర్వాత ఒకటి కదలకుండా నిలిపి చూపాలి. బోర్డును పీ10 లాంటి ప్యానెళ్లు, అంటే చిన్న ఎల్‌ఈడీ చుక్కల పలకలు, కలిపి చేస్తారు. మామూలు పీ10 ప్యానెల్ ఎత్తులో 16 చుక్కలే ఉంటాయి. ఇంగ్లిష్ అక్షరాలకు అవి చాలు. పైన గుడి, కింద ఒత్తు ఉండే మన లిపికి చాలవు, 'క్ష్మి' లాంటివి ముద్దయిపోతాయి. ఒడియాకీ అదే ఇబ్బంది. అందుకే ప్యానెల్ మీద ప్యానెల్ పెట్టి 32 చుక్కల ఎత్తు తీసుకోవడం మేలు.

ఉదాహరణకు ఒడిశాలోని పర్లాకిమిడిలో ఓ బడి "రేపు సెలవు, పరీక్ష సోమవారం" అని ముందు తెలుగులో, కొన్ని సెకన్లాగి ఒడియాలో చూపితే, బండి మీద పిల్లల్ని దింపి వెళ్లేవాళ్లు కూడా చదివేస్తారు. అడ్మిషన్ల ప్రకటనలు దయచేసి అందులో దూర్చకండి.

పీ పక్కన అంకె పెద్దదైతే బోర్డు మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చుక్కకూ చుక్కకూ మధ్య మిల్లీమీటర్ల దూరం. అదే సైజు బోర్డులో పీ10 కన్నా పీ5లోనే అక్షరం స్పష్టంగా వస్తుంది.